ఎవరు రానివ్వలేదు?
మాతాని పచేడి: బట్ట మీది గుడి, బట్ట మీది అడవి

మాతాని పచేడి గురించి ఏ ఎగ్జిబిషన్ కేటలాగు తెరిచినా, ఏ హస్తకళల దుకాణంలో చీటీ చదివినా ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. మాటలు మారొచ్చు గానీ అర్థం ఒకటే. గుజరాత్ లోని వాఘరీ కులస్తులకు ఆలయ ప్రవేశం 'నిరాకరించబడింది', అందువల్ల వాళ్లు తమ దేవతల్ని గుడ్డ మీద చిత్రించుకుని పూజించుకున్నారు. ఇక్కడ నిరాకరించబడింది అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎవరి చేత? వాక్యంలో కర్త లేడు. వాన కురిసింది, పొద్దు గుంకింది అన్నంత సహజంగా, గుడి తలుపు కూడా దానంతటదే మూసుకుపోయినట్టుంది. మన వాడల్లో ఎవరూ ఇట్లా మాట్లాడరు. 'మమ్మల్ని రానివ్వలే' అంటారు. ఇంకొంచెం కదిలిస్తే, రానివ్వనివాడి ఇంటిపేరుతో సహా చెప్తారు. 'బడు' అనే ప్రత్యయం మన నోటి భాష కాదు. అది నేరం చేసినవాడిని కాపాడే భాష.

ఈ వ్యాసం ఆ గుడ్డ గురించి, దాని మీది పిట్టల గురించి, జంతువుల గురించి. ఎందుకంటే ఇవాళ ఈ గుడ్డని చూపించే పద్ధతిలో కొత్త మలుపు వచ్చింది. 'ప్రకృతి ప్రేరణ', 'అడవీ పక్షులూ ప్రేరణగా వచ్చిన వస్త్రకళ' అనే పేర్ల కింద గోండు బొమ్మ, కలంకారీ, కచ్ ఎంబ్రాయిడరీ, పచేడి, నగర కళాకారుల మిక్స్‌డ్ మీడియా పనులు అన్నీ ఒకే గోడ మీద పక్కపక్కన వేలాడుతున్నాయి. చూసేవాడికి నెమళ్లు కనపడతాయి, చిలకలు కనపడతాయి, చెట్టు కనపడుతుంది. మనుషులు కనపడరు. నేను చెప్పదల్చుకుంది ఒక్కటే. పచేడిలో పిట్ట 'ప్రేరణ' కాదు, అడవి విహారస్థలం కాదు. ఊరు బయటికి నెట్టిన మనుషులకు ఆ అడవే చిరునామా, ఆ పిట్టే కూడు. ఆ సంగతి తీసేసి పిట్టని మాత్రం మెచ్చుకోవడం రెండోసారి గుడి తలుపు మూయడమే.

ముందు గుడ్డ సంగతి. 'పచేడి' అంటే వెనక ఉండేది. మాతాని పచేడి అంటే అమ్మవారి వెనక కట్టే తెర. పొడవుగా ఉండేది పచేడి, పైకప్పులా కట్టే నలుచదరపు గుడ్డ చందర్వో. నవరాత్రుల్లోనో మొక్కు తీర్చుకునేటప్పుడో చుట్టూ పచేడీలు, పైన చందర్వో కడితే గుడి తయారు. పని అయిపోయాక మడిచి తీసుకుపోవచ్చు. ఈ గుడికి పునాది లేదు, గోపురం లేదు, ధర్మకర్త లేడు. తాళం వేయడానికి తలుపే లేదు.

గుడ్డ నడుమ మందిరం గీస్తారు. అందులో అమ్మ. ఆమె చుట్టూ గళ్లు గళ్లుగా వరుసలు. పై మూలల్లో సూర్యుడు, చంద్రుడు. ఆ వరుసల్లో గుర్రాల మీద మనుషులు, జెండాలు పట్టినవాళ్లు, వాయిద్యగాళ్లు, పూలు తెచ్చే ఆడవాళ్లు, గుడ్డి తల్లిదండ్రుల్ని కావడిలో మోసే శ్రవణుడు, పులి, జింక, నెమలి, చిలక. ఒకచోట తాడు కట్టిన జంతువును నడిపించుకొస్తున్న భువా కనపడతాడు. భువా అంటే అమ్మ ఒంటి మీదికి వచ్చే మనిషి. మన పోతరాజూ శివసత్తులూ గుర్తొస్తారు. అమ్మలు కూడా మనకు తెలిసినట్టే ఉంటారు. బహుచరకు కోడిపుంజు వాహనం. మేలడికి నల్లమేక. ఖోడియార్ కు మొసలి. విహత్ కు దున్న. మోమాయికి ఒంటె. పిచ్చికుక్క కాటు నుంచి కాపాడే హడకాయికి కుక్క. మన పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మల పక్కన వీళ్లని నిలబెడితే చుట్టాలనే అనుకుంటాం.

ఈ వాహనాల జాబితాని మళ్లీ చదవండి. గరుడుడు లేడు, హంస లేదు. కోడి, మేక, దున్న, కుక్క. ఇంటి ముందు తిరిగేవి, వాకిట్లో కట్టేసుకునేవి, ఏట్లో ఎదురయ్యేవి. పౌరాణిక పక్షికీ పెరటి కోడికీ ఉన్న తేడా బ్రాహ్మణీయ సౌందర్యశాస్త్రానికీ శ్రమజీవుల సౌందర్యదృష్టికీ ఉన్న తేడా. హంసని ఎవరూ పెంచి, మేపి, కోసి, వండి ఎరగరు కాబట్టే అది పవిత్రంగా మిగిలింది. కోడితో మన సంబంధం అట్లాంటిది కాదు. పెంచిన చేత్తోనే కోస్తాం, కోసేముందు దండం పెడతాం. బహుచర కోడి మీద కూర్చుందంటే ఆ బతుకుల మధ్యకొచ్చి కూర్చుందని.

ఇంక ఈ గుడ్డ వేసినవాళ్ల సంగతి. వాఘరీ అనే పేరుకి వాఘ్ అంటే పులి అని కొందరు అర్థం చెప్తారు. 'వాగుర' నుంచి వచ్చిందని ఇంకో మాట ఉంది. మన పాత నిఘంటువుల్లో కూడా వాగుర అంటే మృగాల్ని పట్టే వల, వాగురికుడంటే వలవేసేవాడు. వల వేసి పిట్టల్ని పట్టడం, పండ్లు తోముకునే పుల్లలు విరిచి అమ్మడం, ఏటి ఇసుకలో కూరగాయలు పండించడం, స్టీలు సామాను ఇచ్చి పాత బట్టలు తీసుకోవడం ఆ కులం వాళ్లు బతికిన బతుకులు. అహ్మదాబాద్ లోనే కాదు, ఢిల్లీ పాతబట్టల బజారు కూడా చాలావరకు ఈ ఆడవాళ్ల కష్టం మీదే నడిచింది. ఆ పేరు తిట్టుగా మారిపోతే, మేం దేవీపూజకులం అని పేరు మార్చుకున్నారు. మనకు ఇది కొత్త అనుభవమా? మన దగ్గర ఊరి చివర గుడారాలు వేసుకుని పూసలు, పిన్నీసులు అమ్ముకునేవాళ్లని మనం నక్కలోళ్లు, పిట్టలోళ్లు అన్నాం. తమిళనాట వాళ్లే నరికురవలు. వాళ్లు ఇళ్లల్లో మాట్లాడుకునే వాగ్రీ బోలి గుజరాతీకి దగ్గరి భాష అని భాషావేత్తలు తేల్చారు. ఊరు ఊరంతా మనిషిని నక్క పేరుతో, పిట్ట పేరుతో పిలిచి, మనిషి లెక్కలోంచి తీసేసింది. అట్లా పిలిచినవాళ్ల వారసులే ఇవాళ గ్యాలరీలో నిలబడి 'ఈ పిట్ట ఎంత సజీవంగా ఉంది!' అని ఆశ్చర్యపోతున్నారు. సజీవంగా ఉండక ఏం చేస్తుంది? గీసినవాడి తాత ఆ పిట్ట ఏ పొద్దు ఏ కొమ్మ మీద వాలుతుందో తెలిస్తేనే ఆ పూట తిన్నాడు.

పచేడిలో పిట్ట ఎట్లా ఉంటుందో కూడా చూడాలి. దూరంగా ఎగిరే పిట్ట ఉండదు. క్షితిజం ఉండదు, కొండల వెనక సూర్యాస్తమయం ఉండదు. మనిషి కిటికీలో నిలబడి అడవిని చూసే చూపు ఆ గుడ్డలో ఎక్కడా లేదు. పిట్ట, చెట్టు, గుర్రం, మనిషి అందరూ ఒకే నేల మీద, ఒకరిపక్కన ఒకరు, అమ్మ చుట్టూ నడుస్తుంటారు. ఖాళీ అన్నదే లేదు. మధ్యతరగతి కళావిమర్శ దీన్ని 'అలంకరణ ప్రాధాన్యం', 'పరిప్రేక్ష్యం లేకపోవడం' అంటుంది. కాదు, ఇది వేరే పరిప్రేక్ష్యం. అడవిని దూరం నుంచి చూడాలంటే ముందు మనకి ఊళ్లో ఇల్లుండాలి. రాముడికి అరణ్యం పద్నాలుగేళ్ల శిక్ష. తర్వాత అయోధ్య ఉంది. తిరిగిపోవడానికి అయోధ్య లేనివాడికి అది అరణ్యం కాదు, అడవి. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే పచేడికీ ప్రకృతి చిత్రానికీ మధ్య ఉన్న దూరం.

ఈ గుడ్డ ఎట్లా తయారవుతుందో చెప్పుకోకపోతే విమర్శ గాల్లో ఉంటుంది. ముతక నూలు గుడ్డని ఉతికి గంజి పోగొట్టి కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లలో చింతగింజల పిండి ఉడికించి చిక్కబరుస్తారు. వెదురు పుల్లని దాంట్లో ముంచి గుడ్డ మీద గీస్తే కరక్కాయ రసమూ ఇనుమూ కలిసి గీత నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక పూస్తారు. తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లు పనికిరావు. ఎక్కువైన పటిక, నలుపు వదిలి తెల్లగా ఉండాల్సిన చోటికి అంటుకుంటాయి. పారే నీళ్లయితే మరక పడకుండా తీసుకుపోతాయి. ఆ తర్వాత అలిజరిన్, ధాతకీ పువ్వు వేసి పెద్ద గిన్నెలో ఉడికిస్తే పటిక ఉన్నచోటల్లా ఎరుపెక్కుతుంది. నలుపు, ఎరుపు, గుడ్డ తెలుపు. పాత పచేడికి ఈ మూడే రంగులు. హద్దులకూ తిరిగి తిరిగి వచ్చే బొమ్మలకూ అచ్చులు, మిగతాదంతా చేతిగీత.

మిక్స్‌డ్ మీడియా అనేది ఆర్టు కాలేజీల్లో పుట్టిన కొత్త సంగతని మన విద్యార్థులు అనుకుంటారు. ఇనుము, బెల్లం, కాయ, గింజ, పువ్వు, నది, నిప్పు, అచ్చు, పుల్ల కలిస్తే గుడ్డ. ఆ గుడ్డకి డప్పు, పాట, దీపం, పూనకం, నెత్తురు కలిస్తే పచేడి. ఇంతకంటే మిశ్రమమైన మాధ్యమం ఏముంది? గాజు వెనక చట్రంలో బిగించినప్పుడు మనకి దొరికేది అందులో ఒక్క వంతు.

తెలుగు పాఠకుడికి ఈపాటికి శ్రీకాళహస్తి గుర్తొచ్చే ఉంటుంది. నిజమే. కరక్కాయ, పటిక, బెల్లం ఇనుము నలుపు, వెదురు కలం అక్కడా ఇక్కడా ఒకటే. అక్కడ సబర్మతి, ఇక్కడ స్వర్ణముఖి. అందుకే పచేడిని 'గుజరాత్ కలంకారీ' అని కూడా అమ్ముతున్నారు. కానీ ఒక తేడా ఉంది. శ్రీకాళహస్తి గుడ్డ గుళ్లో వేలాడింది. రామాయణ భారతాల్ని చెప్పింది. 1950ల్లో కమలాదేవీ చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ మొదలైంది, 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఆ కళాకారులూ శ్రమజీవులే, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఒకే పుల్ల, ఒకే నలుపు గుడి లోపలుంటే 'ఆలయ కళ', గుడి బయటుంటే 'జానపదం' ఎందుకైంది? విద్యలో తేడా లేదు, రసాయనంలో తేడా లేదు. ఉన్న తేడా గడప. ఆ గడపని దాచిపెట్టి రెంటికీ కలంకారీ అని ఒకే పేరు పెట్టడం సమానత్వం కాదు, మరుపు.

ఇప్పుడు చట్టాల సంగతి. 1871లో మొదలై 1911 నాటికి దేశమంతా విస్తరించిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే నేరస్థులయ్యే మనుషుల్ని తయారుచేసింది. 1952లో అది రద్దయింది. గుజరాత్ విముక్త జాతుల జాబితాలో వాఘరీల పేరుంది. జాబితా మారినా పోలీసు చూపు మారలేదని విముక్త జాతుల ఉద్యమాలు చెప్తూనే ఉన్నాయి. తర్వాత బలుల మీద చట్టాలొచ్చాయి. మనకి 1950 నాటి మద్రాసు జంతు, పక్షి బలుల నిషేధ చట్టం ఉంది. గుజరాత్ లో 1970ల మొదట్లో అట్లాంటిదే వచ్చింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం, 1991 సవరణలతో దేశీయ పిట్టల వ్యాపారం మీద నిషేధం. పిట్టలు బతకాలి, అడవి మిగలాలి. దాంతో పేచీ లేదు. అడవిని మిల్లులకూ గనులకూ డ్యాములకూ రాసిచ్చినవాళ్లు ప్రకృతి ప్రేమికులయ్యారు, వలతో నాలుగు పిట్టల్ని పట్టినవాడు నేరస్థుడయ్యాడు. పేచీ అక్కడ. చట్టం పుస్తకంలో పక్షి ఉంది, గ్యాలరీ గోడ మీద పక్షి ఉంది. ఈ రెంటి మధ్య నలిగిన మనిషి మాత్రం రెండు చోట్లా లేడు.

నది కూడా అంతే. పచేడికి పారే నీళ్లు కావాలని పైన చెప్పాను. సబర్మతి ఒడ్డున 2005లో రివర్‌ఫ్రంట్ పనులు మొదలయ్యాయి, 2012 నుంచి జనం షికార్లకు తెరిచారు. ఒడ్డునున్న వేల గుడిసెలు పీకేశారు. నదికి రెండువైపులా కాంక్రీటు గోడలు లేచాయి. నదిని అందంగా చూడ్డానికి గోడ కట్టారు, నదిలో దిగి పని చేసుకునేవాడికి మెట్టు లేకుండా పోయింది. ఈ వ్యాసంలో మొదట్నుంచీ చెప్తున్న సంగతి ఇదే. చూసే హక్కు ఒకరిది, దిగే హక్కు ఇంకొకరిది. ఎప్పుడూ పోయేది రెండోది.

మరి మార్కెట్ ఏం చేసింది? అహ్మదాబాద్ లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1968లోనే జోన్ ఎరిక్సన్ రాసిన పుస్తకాన్ని పచేడి మీద అచ్చు వేసింది. ఆ తర్వాత జ్యోతీంద్ర జైన్, హకు షా, ఎబర్‌హార్డ్ ఫిషర్ లాంటివాళ్లు శ్రద్ధగా పరిశోధించారు. వాళ్లు రాయకపోతే మనకి చాలా సంగతులు తెలిసేవి కావు. 2022 నవంబర్ లో బాలి జి 20 సమావేశంలో భారత ప్రధాని బ్రిటన్ ప్రధానికి ఇచ్చిన కానుక మాతాని పచేడి. 2023లో భానుభాయ్ చునీలాల్ చితారాకు పద్మశ్రీ వచ్చింది. తరాల పాటు ఆ పని చేసిన కుటుంబానికి ఆ గౌరవం రావాల్సిందే, రావడం ఆలస్యమైంది కూడా. కానీ గుడ్డ రాజ్యం చేతి కానుకయ్యే దారిలో దాని మీద ఏం మిగిలింది, ఏం పోయింది అని అడగడం విమర్శ పని.

ముందు పోయేది తాడు కట్టిన మేక. చీరె కొంగు మీద బలి మేకని ఎవరు కట్టుకుంటారు? తర్వాత భువా పోతాడు. తర్వాత నల్లమేక మీది మేలడి, కుక్కతో ఉన్న హడకాయి పక్కకి జరిగి, పులి మీది అంబిక, వినాయకుడు, కృష్ణుడు ముందుకొస్తారు. ఆఖరికి అమ్మ కూడా పోయి, చెట్టూ దాని మీద పిట్టలూ మిగులుతాయి. దిండు గలీబు మీద ఇవి బావుంటాయి. కొనేవాడు కోరితే చేసేవాడు చేస్తాడు. వాడికి పిల్లలున్నారు, ఫీజులున్నాయి. తప్పు వాడిది కాదు. కానీ వరుసగా పోయినవాటిని చూడండి. బలి, పూనకం, కిందికులాల అమ్మ. సరిగ్గా సంస్కృతీకరణ ఏవేవి తుడవాలనుకుందో వాటినే మార్కెట్టూ తుడిచింది. పురోహితుడు, షోరూం యజమాని ఒకే ముతక గుడ్డని ఒకే చోట కత్తిరించారు. మిగిలిన పిట్ట ఎవర్నీ ఇబ్బంది పెట్టదు. అది ఎవరి గడప మీదా వాలదు.

మనవాళ్లని కూడా ఒక మాట అడగాలి. ఎక్కువగా గీత మగవాళ్లది, రంగు నింపడం, ఉతకడం, ఉడకబెట్టడం ఆడవాళ్లది, పిల్లలది. ఇప్పుడిప్పుడు ఆడవాళ్లూ కలం పట్టి గీస్తున్నారు, మంచిదే. కానీ గుడ్డ కింద సంతకం చాలాకాలం ఒక్కరిదే. నడుమ అమ్మని కూర్చోబెట్టిన గుడ్డ మీద అమ్మల పేర్లు లేవు. కర్తని దాచే వాక్యాన్ని పైకులాలు రాస్తే నిలదీస్తాం. మన ఇంట్లోనూ అదే వ్యాకరణం నడుస్తుంటే ఏం చేద్దాం?

ఇంకో కష్టమైన ప్రశ్న ఉంది. గుడిలోకి రానివ్వకపోతే గుడ్డ మీద గుడి కట్టుకోవడం తిరుగుబాటేనా? అంబేద్కర్ 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు సత్యాగ్రహం నడిపారు. 1933 నాటికి ఆలయ ప్రవేశ బిల్లుని సమర్థించడానికి నిరాకరించారు. గుడి తలుపు తెరవడం కంటే కులం పోవడం ముఖ్యమన్నారు. 1956లో ఆ గుడినీ ఆ మతాన్నీ వదిలి బౌద్ధంలోకి నడిచారు. ఆ దారి నుంచి చూస్తే పచేడి సగం దూరమే. తనకంటూ ఒక గుడి ఉంది, కానీ అవతలి గుడి గోడ అట్లాగే ఉంది. వెలివేసినవాడికి ఈ గుడ్డ వల్ల ఇబ్బందేమీ లేదు. పైగా 'వాళ్ల దేవుళ్లు వాళ్లకున్నారు కదా' అనడానికి వీలు దొరికింది. కాబట్టి పచేడిని విముక్తి పతాకం చేసి ఊరేగించడం రొమాంటిసిజం. అట్లాగని తీసిపారేయడానికీ లేదు. పూజారి అవసరం లేని గుడిని, మడిచి భుజాన వేసుకుపోగల గుడిని, కుక్కకీ మేకకీ కోడికీ చోటున్న గుడిని ఊహించినవాళ్లు అక్షరం రానివాళ్లు. ఆ ఊహ దళిత బహుజన మేధ. దాన్ని కళ అని మెచ్చుకుంటే చాలదు, ఆలోచన అని ఒప్పుకోవాలి.

మన విమర్శ ఇన్నాళ్లూ కథ, కవిత, నవల చుట్టే తిరిగింది. చదువు అందినవాళ్లం గనక అక్షరాన్నే సాహిత్యం అనుకున్నాం. చదువు అందనివ్వని కాలంలో మనవాళ్లు తోలు మీద, మట్టి మీద, గుడ్డ మీద రాసినవాటిని చదవడం మనకింకా రాలేదు. చిందు యక్షగానం, తోలుబొమ్మ, డక్కలి పటం, చేర్యాల పటం మన పక్కనే ఉన్నాయి. వాటి మీది నెమలీ చిలకా ఎవరి అడవిలోంచి వచ్చాయి? ఆ పటం ఎవరి వాకిట్లో విప్పారు, ఎవరి వాకిట్లో విప్పనివ్వలేదు? టీచర్లు పిల్లలతో ఈ ప్రశ్నలు అడిగించగలిగితే అది ఏ మ్యూజియమూ చేయలేని పని.

మొదటి వాక్యం దగ్గరికే తిరిగొస్తాను. ఈసారి ఏ ఎగ్జిబిషన్ కి వెళ్లినా, బొమ్మ చూసే ముందు పక్కన అతికించిన చీటీ చదవండి. 'నిరాకరించబడింది' అని ఉంటే, నిర్వాహకుల్ని పిలిచి మర్యాదగా అడగండి. ఎవరండీ రానివ్వంది? జవాబు చెప్పడానికి వాళ్లు తడుముకుంటారు. ఆ తడబాటులో ఉన్న చరిత్రంతా చీటీ మీద రాయించగలిగిన రోజున, గోడ మీది కోడిపుంజు కూసినట్టే.